పిల్లికి అనుమతి దొరికాక మొదలైన కేసు

నేను అమెరికా మిడ్‌వెస్ట్‌లో ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో, డిసెబిలిటీ ఆఫీసులో కేస్ మేనేజర్‌ని. పరీక్షల్లో అదనపు సమయం, హాస్టల్ గది మార్పులు, వైద్య కారణాలతో అడిగే మినహాయింపులు లాంటివి నా టేబుల్ మీదికి వస్తాయి. వాటిలో ఎక్కువ సమయం తినేవి ఎమోషనల్ సపోర్ట్ యానిమల్ దరఖాస్తులు. అంటే మానసిక సమస్య ఉన్నవాళ్ళకి ఊరటనిచ్చే తోడు జంతువు. అందరూ ఈఎస్ఏ అంటారు, నేనూ అలాగే రాస్తాను.

ఈ కేసులో పిల్లికి అనుమతి ఇవ్వాలా వద్దా అన్నది పెద్ద తలనొప్పి కాలేదు. ఆ పిల్లి ఏ గదిలో, ఎవరి పక్కన, ఏ వేళల్లో ఉండాలి అన్న దగ్గరే సెమిస్టరంతా గడిచిపోయింది. మా ఫైళ్ళు సాధారణంగా అనుమతి లెటర్‌తో మూసేస్తారు. ఈ ఫైలు అక్కడ మూసి ఉంటే ఇద్దరమ్మాయిలకి నష్టం జరిగేది. అందుకే రాస్తున్నాను. ఇద్దరూ ఒప్పుకున్నారు. పేర్లు, ఊళ్ళు, కోర్సులు వదిలేశాను, కొన్ని వివరాలు మార్చాను.

నేపథ్యం

2023 స్ప్రింగ్ సెమిస్టర్. ఎంఎస్ రెండో సెమిస్టర్ చదువుతున్న తెలుగు అమ్మాయి, ఎఫ్-1 (విద్యార్థి) వీసా. యూనివర్సిటీ వాళ్ళ టూ బెడ్‌రూమ్ అపార్ట్‌మెంట్‌లో నలుగురమ్మాయిలు, గదికి ఇద్దరు చొప్పున, అందరూ తెలుగువాళ్ళే. వంట టర్నులు ఫ్రిజ్ మీద అంటించి ఉంటాయి. సామాన్లు సీనియర్ల నుంచి వచ్చినవి. డిసెంబర్‌లో డిగ్రీ పూర్తయి వెళ్ళిపోయేవాళ్ళు వాట్సాప్ గ్రూపులో పరుపు, కుక్కర్, స్టడీ టేబుల్ ఫోటోలు పెడతారు కదా. ఆ సంవత్సరం ఒక సీనియర్ పిల్లి ఫోటో కూడా పెట్టింది. ఈ అమ్మాయి తెచ్చుకుంది.

ఫిబ్రవరిలో ఫైర్ సేఫ్టీ తనిఖీకి వచ్చిన హౌసింగ్ సిబ్బందికి పిల్లి కనిపించింది. నిబంధన ఉల్లంఘన కింద రిపోర్టు రాశారు. ఆ అమ్మాయి వెంటనే ఫోన్‌లో ఒక లెటర్ చూపించింది: ఈమెకు ఈఎస్ఏ అవసరమని, వేరే రాష్ట్రంలోని ఒక థెరపిస్టు సంతకంతో. హౌసింగ్ వాళ్ళు ఫైలు మాకు పంపుతూ 'లెటర్ నకిలీదేమో' అని ఒక వాక్యం జోడించారు.

చట్టం ఎంతవరకు

అమెరికాలో సర్వీస్ యానిమల్ వేరు, ఈఎస్ఏ వేరు. అమెరికన్స్ విత్ డిసెబిలిటీస్ యాక్ట్ కింద సర్వీస్ యానిమల్ అంటే ఒక నిర్దిష్టమైన పనికి శిక్షణ పొందిన కుక్క. చిన్న జాతి గుర్రాలకు విడిగా ఒక నిబంధన ఉంది. ఆ కుక్క క్లాసుకి, లైబ్రరీకి, హోటల్‌కి రావచ్చు. ఈఎస్ఏకి శిక్షణ అక్కర్లేదు, దాని హక్కు ఇంటి గడప వరకే. ఆ హక్కు 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ యాక్ట్‌ది. అందులోకి వైకల్యం 1988 సవరణతో చేరింది.

హాస్టల్ గదిని కూడా ఈ చట్టం కింద 'నివాసం' అనాలా అన్నది చాలాకాలం తేలలేదు. నెబ్రాస్కా యూనివర్సిటీ కర్నీ క్యాంపస్ మీద వచ్చిన కేసులో, అనాల్సిందేనని ఫెడరల్ కోర్టు 2013లో చెప్పింది. 2015లో ఆ యూనివర్సిటీ 1,40,000 డాలర్లకు రాజీపడింది. 2016 మొదట్లో కెంట్ స్టేట్ యూనివర్సిటీ ఇలాంటి కేసులోనే 1,45,000 డాలర్లకు రాజీపడింది. ఈ రెండు అంకెలూ మా రంగంలో అందరికీ నోటికి వచ్చు. భయంతో అయినా సరే, ఫారాలు పద్ధతిగా తయారయ్యాయి.

ఈ కేసు నడిచినప్పుడు మేం అనుసరించింది ఫెడరల్ ప్రభుత్వ హౌసింగ్ శాఖ 2020 జనవరిలో ఇచ్చిన మార్గదర్శక నోటీసు. అందులో మాకు పనికొచ్చినవి రెండు. మొదటిది, జంతువును తెచ్చుకున్న తర్వాత కూడా అనుమతి అడగొచ్చు. రెండోది, డబ్బు కట్టి, నాలుగు ప్రశ్నలు నింపితే వెబ్‌సైట్ ఇచ్చే సర్టిఫికెట్ ఒక్కటే నమ్మదగిన ఆధారం కాదు. అయితే దూరం నుంచి నిజంగా వైద్యం చేస్తున్నవాళ్ళ లెటర్ చెల్లుతుంది.

మొదటి నిర్ణయం: తప్పా, అభ్యర్థనా?

మొదటి నియమాన్ని బట్టి దీన్ని అభ్యర్థనగా తీసుకున్నాం. ఉల్లంఘన ఫైలు పక్కన పెట్టమని హౌసింగ్‌ని అడిగాం, పిల్లి ప్రస్తుతానికి అక్కడే ఉంటుందన్నాం. ఇందులో నాకు సందేహం లేదు. జరిమానా, హెచ్చరిక లెటర్ వెళ్ళి ఉంటే ఆ అమ్మాయి ఆ తర్వాత మా ముందు నోరు విప్పేది కాదు.

లెటర్ సంగతి వేరు. అది వెబ్‌సైట్ ద్వారా వచ్చింది. ఆ థెరపిస్టుకు లైసెన్సు ఉంది, కాబట్టి నకిలీ అనలేం. కానీ ఆవిడ ఈ అమ్మాయితో ఒక్కసారి కూడా మాట్లాడలేదు. లెటర్‌లో ఉన్నవి ఎవరి పేరు పెట్టినా సరిపోయే వాక్యాలే. 'ఇది చాలదు, ఇంకొంచెం సమాచారం కావాలి' అని రాశాం. తిరస్కరించలేదు. ఈ రెండింటికీ తేడా విద్యార్థికి అర్థమయ్యేలా చెప్పకపోతే తలుపు మూసేశారనే అనుకుంటారు.

క్యాంపస్‌లో కౌన్సెలింగ్ సెంటర్ పెట్టుకుని వెబ్‌సైట్‌కి ఎందుకు వెళ్ళిందో తెలుసుకోవడం నాకు ముఖ్యంగా అనిపించింది. ఈ మాటల్లో ఇంగ్లిష్ వదిలి తెలుగులోకి వచ్చాం. అంతకంటే ముందు ఒకటి చెప్పాను: మన సంఘం చిన్నది, ఉగాది ఫంక్షన్‌లో మనం ఎదురుపడొచ్చు, ఇబ్బందిగా ఉంటే ఈ ఫైలు వేరే సహోద్యోగికి ఇస్తాను అని. కాసేపు ఆలోచించి, వద్దంది.

ఆమె భయాలు ఇవీ: వీసాకి దెబ్బ తగులుతుందని. ఇన్సూరెన్స్ కాగితాల ద్వారా ఇంట్లో తెలుస్తుందని. 'రేపు సంబంధాలు చూసేటప్పుడు ఎవరో ఒకరు బయటపెడతారు మేడమ్.' మూడోదానికి నా దగ్గర జవాబు లేదు. మొదటి రెండింటికీ ఉంది. డిసెబిలిటీ ఆఫీసు ఇచ్చే సదుపాయం వివరాలు విద్యార్థుల వీసా రికార్డులుండే సెవిస్‌లోకి వెళ్ళవు. ఇక ఫెర్పా అనే చట్టం ప్రకారం, కాలేజీ విద్యార్థి రికార్డుల మీద హక్కు విద్యార్థిదే. ఇండియా నుంచి తల్లిదండ్రులు ఫోన్ చేసినా, ఆమె రాతపూర్వకంగా ఒప్పుకోకుండా నేనేమీ చెప్పను. ఇన్సూరెన్స్ స్టేట్‌మెంట్లు ఏ చిరునామాకు వస్తున్నాయో అక్కడే కూర్చుని సరిచూసుకుంది.

పిల్లి ఏం చేస్తుంది?

అభ్యర్థనల్లో ఎక్కువ మంది రాసేది 'దాన్ని చూస్తే హ్యాపీగా ఉంటుంది' అని. అది ఎవరికైనా ఉంటుంది. వైకల్యానికీ జంతువుకూ మధ్య లంకె కనిపించాలి. అందుకే నేను ఆ ప్రశ్న సూటిగా అడగను. ఈ మధ్య బాగా కష్టంగా గడిచిన ఒక రాత్రి గురించి చెప్పమంటాను.

ఆమె చెప్పింది ఇది. కొన్నేళ్ళ క్రితం ఇంట్లో ఒకరు పోయిన వార్త అర్ధరాత్రి ఫోన్‌లో వచ్చింది. అప్పటి నుంచి రాత్రి రెండు, మూడు మధ్య మెలకువ వస్తుంది. గుండె దడ, చేతులు చల్లబడటం, చచ్చిపోతానేమో అన్న టెన్షన్. ఇక్కడ తెల్లవారుజామున మూడంటే ఇండియాలో మధ్యాహ్నం, అందరూ మెలకువగా ఉండే సమయం. కాబట్టి ఫోన్ ఏ క్షణంలోనైనా మోగొచ్చన్న ఊహకు అడ్డు లేదు. తెల్లారే దాకా ఫోన్ చూస్తూ కూర్చునేది. పిల్లి వచ్చాక అది కాళ్ళ మీద పడుకుంటుంది. మెలకువ వచ్చినప్పుడు ఆ బరువు, దాని ఊపిరి తెలుస్తాయి. కదిలితే అది లేస్తుందని కదలదు, చేయి ఫోన్ దాకా వెళ్ళదు. చాలాసార్లు మళ్ళీ నిద్ర పడుతుంది.

ఇది వివరం. ఏ లక్షణం, ఏ గంటలో, జంతువు వల్ల ఏం మారుతోంది అన్నవి మూడూ ఉన్నాయి. దీన్ని నిర్ధారించే అర్హత నాకు లేదు, వైద్యం చేసేవాళ్ళ నుంచి లెటర్ కావాలి. మా కౌన్సెలింగ్ సెంటర్ ఈఎస్ఏ లెటర్లు రాయదు. చాలా క్యాంపస్‌లలో ఇంతే. థెరపిస్టు సంతకం కోసం వచ్చే క్లయింటుకీ, నయం కావాలని వచ్చే క్లయింటుకీ మధ్య సంబంధం మారిపోతుందని వాళ్ళ వాదన. నాకు అది సబబుగానే తోస్తుంది.

బయట ఎవరి దగ్గరికి పంపాలన్నది ఈ కేసులో అన్నిటికంటే ఎక్కువ ఆలోచించిన నిర్ణయం. ఈఎస్ఏ లెటర్‌కి లైసెన్సున్న కౌన్సెలరో, సోషల్ వర్కరో సరిపోతారు, అపాయింట్‌మెంట్ కూడా త్వరగా దొరుకుతుంది. కానీ ఎఫ్-1 విద్యార్థి ఒక్క కోర్సు తగ్గించుకోవాలన్నా నిబంధన గట్టిది. వైద్య కారణంతో తగ్గించుకోవడానికి డాక్టర్ (ఎండీ లేదా ఆస్టియోపతీ చదివిన డీఓ) లేదా లైసెన్సున్న క్లినికల్ సైకాలజిస్ట్ లెటరే చెల్లుతుంది. కోర్సు వదలకముందే ఇంటర్నేషనల్ ఆఫీసులో వీసా వ్యవహారాలు చూసే అధికారి, అంటే డీఎస్ఓ, ఆమోదం ఉండాలి. ఒక డిగ్రీ స్థాయిలో మొత్తం కలిపి 12 నెలలు మించకూడదు. ఈ అమ్మాయి అప్పటికే ఒక కోర్సులో మునుగుతోంది. అందుకని కొన్ని వారాలు ఎక్కువ ఆగాల్సి వచ్చినా క్లినికల్ సైకాలజిస్టునే చూపించాం. మార్చిలో రెండో మిడ్‌టర్మ్ పోయినప్పుడు ఆ లెటరే వీసా స్టేటస్‌ని కాపాడింది. ఎవరి సంతకం ఎక్కడ చెల్లుతుందో ముందే చూడకుండా 'ఎవరో ఒక థెరపిస్టు' దగ్గరికి పంపడం మన విద్యార్థుల విషయంలో ప్రమాదం.

మూడు సంతకాలు

లెటర్ కోసం ఎదురుచూస్తున్న సమయంలో హౌసింగ్ వాళ్ళు రూమ్మేట్ల అంగీకార పత్రం పంపారు. ముగ్గురూ ఆ సాయంత్రమే సంతకం పెట్టి ఇచ్చేశారు. ఆ వేగమే నాకు నచ్చలేదు. ఒకే ఇంట్లో, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ పెట్టే సంతకం అది.

చట్టప్రకారం రూమ్మేట్ ఒప్పుకోవడం షరతు కాదు. 'నాకు పిల్లులంటే పడదు', 'పొద్దున్నే ఎదురొస్తే మంచిది కాదు' లాంటివి నిరాకరణకు కారణాలు కావు. రూమ్మేట్‌కి కూడా జబ్బు ఉంటే లెక్క మారుతుంది. ముగ్గురితో విడివిడిగా మాట్లాడాను. అందరికంటే చిన్నమ్మాయి, రెండో బెడ్‌రూమ్‌లో ఉండేది, మాట మధ్యలో దగ్గింది. అడిగితే ఉబ్బసం ఉందని, జనవరి నుంచి ఇన్‌హేలర్ వాడకం పెరిగిందని చెప్పింది. 'అక్కకి బాగోలేదని తెలుసు మేడమ్. నేను కంప్లైంట్ చేస్తే పిల్లిని తీసేస్తారు కదా. అడ్జస్ట్ అయిపోదాం అనుకున్నా.'

ఆ అమ్మాయి మా ఆఫీసులో నమోదు కాలేదు. కాబట్టి కాగితం మీద వైకల్యం ఉన్నది ఒకరికే. అక్కడే ఆమెను నమోదు చేసి, స్టూడెంట్ హెల్త్‌కి పంపాం. పిల్లి అలర్జీ ఉందని పరీక్షలో తేలింది.

ఇలాంటి పోటీలో తేలికైన దారి 'ఎవరు ముందు అడిగారు' అని చూడటం. 2017లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ కేసు సరిగ్గా ఇదే. సొరారిటీ (విద్యార్థినుల సంఘం) ఇంట్లో ఒక విద్యార్థిని సర్వీస్ డాగ్, అదే ఇంట్లో అలర్జీ, క్రోన్స్ అనే పేగుల జబ్బు ఉన్న మరో విద్యార్థిని. ముందు లీజు మీద సంతకం చేసింది ఎవరన్న లెక్కతో యూనివర్సిటీ తేల్చింది. కోర్టు దాన్ని ఒప్పుకోకుండా, కేసు నడిచేదాకా కుక్క ఉండొచ్చని ఉత్తర్వు ఇచ్చింది. అది సర్వీస్ డాగ్ కేసు, మాది ఈఎస్ఏ. అయినా నేను తీసుకున్నది ఒకటే: వరుస నంబరు చూసి తప్పించుకోకూడదు, ఇద్దరికీ కుదిరే ఏర్పాటు వెతికామని చూపించగలగాలి.

పని చేయనివి

ముందు అతి తక్కువ కదలికతో ప్రయత్నించాం. మిడ్‌టర్మ్‌ల ముందు ఎవరినీ ఇల్లు మార్పించకూడదనుకున్నాం. పిల్లి ఒక బెడ్‌రూమ్ దాటి రాకూడదు, హాల్లో హెపా ఫిల్టర్ ఎయిర్ ప్యూరిఫయర్, వారానికి రెండుసార్లు వాక్యూమ్. పని చేయలేదు. పిల్లి అలర్జీకి ముఖ్య కారణమైన ఫెల్ డి 1 అనే ప్రోటీన్ దాని లాలాజలంలో, చర్మ గ్రంథుల్లో తయారవుతుంది. పిల్లి ఒళ్ళు నాక్కుంటే బొచ్చుకు అంటి, ఎండి, సన్నని రేణువులై గాల్లో తేలుతుంది. బట్టలకు అంటుకుని పిల్లి అడుగుపెట్టని గదికీ చేరుతుంది. నాలుగు గదులకూ ఒకే వెంటిలేషన్ ఉన్న అపార్ట్‌మెంట్‌లో తలుపు మూస్తే ఆగేది కాదు. చిన్నమ్మాయి రాత్రిళ్ళు దగ్గుతూనే ఉంది.

మధ్యలో ఎవరో లైబ్రరీలో థెరపీ డాగ్ సెషన్లు సూచించారు. వాటిని చిన్నచూపు చూడను. వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో 249 మంది విద్యార్థులతో చేసి 2019లో ప్రచురించిన ప్రయోగంలో, పది నిమిషాలు కుక్కలనో పిల్లులనో నిమిరినవాళ్ళలో ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ తగ్గింది. కానీ ఈ అమ్మాయి కష్టం తెల్లవారుజామున మూడింటికి. లైబ్రరీలో కుక్క మధ్యాహ్నం రెండింటికి వస్తుంది.

అంతలో సైకాలజిస్ట్ లెటర్ వచ్చింది. నిద్ర తీవ్రంగా దెబ్బతిన్న పరిస్థితి ఉందని, పిల్లి ఏ లక్షణాన్ని ఎలా తగ్గిస్తోందో రెండు పేరాల్లో రాశారు. జబ్బు పేరు రాయలేదు, మేం అడగలేదు. ఈఎస్ఏకి అనుమతి ఇచ్చాం. పెట్ ఫీజు, డిపాజిట్ ఉండవు, ఏమైనా పాడుచేస్తే ఆ ఖర్చు మాత్రం ఆమెదే. వేరే బిల్డింగ్‌లో ఖాళీ అయిన స్టూడియోకి పిల్లితో సహా మార్చాం. కాగితం మీద ఇంతకంటే చక్కని పరిష్కారం లేదు. పిల్లి ఆమె దగ్గరే ఉంది, చిన్నమ్మాయికి గాలి శుభ్రమైంది, అద్దె తేడా కూడా వేయలేదు.

ఈ ఏర్పాటూ చెడింది. కొళాయి బాగుచేయడానికి వెళ్ళిన మెయింటెనెన్స్ మనిషి, లిట్టర్ బాక్స్ రోజుల తరబడి తీసినట్టు లేదని రాశాడు. హౌసింగ్ వాళ్ళు దాన్ని శుభ్రత సమస్యగా చూశారు. నాకు అది వైద్య సమాచారంలా కనిపించింది. అంతకుముందు ఆ బాక్స్ రోజూ శుభ్రం చేసేదని రూమ్మేట్లు చెప్పారు. ఆ పని కూడా చేయలేకపోతోందంటే మిగతావి ఎలా ఉన్నట్టు? వెళ్ళి కలిశాను. విచిత్రంగా రాత్రులు మెరుగ్గానే ఉన్నాయి, పిల్లి తన పని తాను చేస్తోంది. పోయినవి పగళ్ళు. మధ్యాహ్నం దాకా పడుకోవడం, మ్యాగీతో రోజు గడిపేయడం, బస్సెక్కి క్లాసుకి వెళ్ళకపోవడం. పాత ఇంట్లో వంట టర్ను ఉండేది. తన వంతు రోజు నలుగురికి వండాలి కాబట్టి లేచేది. మిగతా రోజుల్లో ఎవరో తలుపు కొట్టి 'అక్కా, తిను' అనేవాళ్ళు. బస్‌స్టాప్‌కి నలుగురూ కలిసి నడిచేవాళ్ళు. ఇవేవీ ఏ ఫారంలోనూ లేవు, ఏ లెటర్‌లోనూ లేవు. పిల్లి సమస్య తీర్చడం కోసం మేం వాటినీ ఆమె నుంచి విడదీశాం.

ఇండియా నుంచి వచ్చిన విద్యార్థుల విషయంలో సింగిల్ రూమ్‌ని మెరుగైన సదుపాయంగా చూసే అలవాటు నాకు అప్పటి నుంచి పోయింది. అమెరికన్ అండర్‌గ్రాడ్‌లో ఎక్కువ మంది దాన్ని కోరి అడుగుతారు. మనవాళ్ళలో చాలామంది జీవితంలో మొదటిసారి ఒంటరిగా పడుకునేది ఆ గదిలోనే.

పని చేసింది

ఏప్రిల్ మొదట్లో పాత బిల్డింగ్‌లోనే, ఒక అంతస్తు కింద, ఇద్దరుండే అపార్ట్‌మెంట్‌లో ఒక చోటు ఖాళీ అయింది. ఈసారి అంగీకార పత్రం ముందు పంపలేదు. అక్కడ ఉండే విద్యార్థినిని ఒంటరిగా పిలిచి, పిల్లి వస్తుందని చెప్పి, అలర్జీ, ఉబ్బసం, భయం ఏదైనా ఉందా అని అడిగి, ఆలోచించుకోవడానికి రెండు రోజులు ఇచ్చి, వద్దంటే కారణం అడగబోమని చెప్పాం. ఆమె ఇంట్లో చిన్నప్పటి నుంచి పిల్లులు ఉన్నాయట, సరేనంది.

వంట టర్ను పాత ఇంట్లోనే కొనసాగింది. ఇది వాళ్ళలో వాళ్ళు తేల్చుకున్నదే, నేను కలగజేసుకోలేదు. పైకి వెళ్ళేటప్పుడు బట్టలు మార్చుకుని వెళ్ళాలన్నది మాత్రం హెల్త్ సెంటర్ నర్సు సలహా. అలర్జీ కారకం పిల్లిని తీసేసిన తర్వాత కూడా నెలలపాటు మిగిలిపోతుంది కాబట్టి పాత అపార్ట్‌మెంట్‌లో కార్పెట్, వెంట్లు శుభ్రం చేయించాం, పిల్లి పడుకున్న పరుపు మార్పించాం. చిన్నమ్మాయి రోజూ వాడే ప్రివెంటర్ ఇన్‌హేలర్ మొదలుపెట్టింది. సెమిస్టర్ చివరికి రాత్రి దగ్గు తగ్గింది. ఆమె సదుపాయం కూడా రాతపూర్వకంగా ఉంది: ఆ అపార్ట్‌మెంట్‌కి ఇక ఏ జంతువునీ కేటాయించకూడదని.

సైకాలజిస్ట్ లేవనెత్తిన ఒక విషయం నేను ముందు ఆలోచించనిది. పానిక్‌కి, అంటే హఠాత్తుగా వచ్చే తీవ్ర భయానికి, చేసే సీబీటీ అనే మాటల చికిత్సలో, భయం రాగానే పట్టుకునే ఏ ఆసరా అయినా ఆ భయాన్ని నిలబెట్టే ప్రమాదం ఉంది. అది ఉంటేనే బతుకుతాను అన్న నమ్మకం గట్టిపడుతుంది. పిల్లి కూడా అలా మారొచ్చు. అందుకని ఆవిడ పిల్లిని తీసేయమనలేదు, వాడే తీరు మార్చారు. మెలకువ వస్తే ముందు కొన్ని నిమిషాలు ఆ దడను అలాగే గమనించాలి, అది దానంతట అదే దిగడం చూడాలి, తర్వాతే పిల్లి మీద చేయి వేయాలి. ఫోన్ హాల్లో ఛార్జింగ్‌లో ఉండాలి. ఇంట్లోవాళ్ళతో రోజూ ఒక నిర్ణీత సమయానికి మాట్లాడాలి, నిజంగా అత్యవసరమైతే రూమ్మేట్ నంబరుకి చేయమని చెప్పాలి. ఈ చివరి ఏర్పాటు కోసం ఇంట్లో కొంత చెప్పాల్సి వచ్చింది. నిద్ర సమస్య అని మాత్రమే చెప్పింది. అది తన ఇష్టం.

పిల్లికీ ఒక ప్లాన్ రాశాం. రేబిస్ టీకా, స్పే (పిల్లలు పుట్టకుండా చేసే) ఆపరేషన్ కాగితాలు, ఉదయం ఏడింటికి తిండి, ఆ వెంటనే లిట్టర్ శుభ్రం. ఆమె హాస్పిటల్లో చేరినా, ఇండియా వెళ్ళినా ఎవరు చూసుకుంటారో క్యాంపస్ బయట ఉండే ఒకరి పేరు. ఏడింటి తిండి సైకాలజిస్ట్ పెట్టించింది: తిండి పెట్టకపోతే పిల్లి అరుస్తుంది, అరిస్తే మనిషి లేస్తుంది. లిట్టర్ రెండు రోజులు తీయలేదంటే రూమ్మేట్ నాకు కాదు, ముందు పై ఇంటివాళ్ళకి చెప్పాలని అమ్మాయిలే పెట్టుకున్నారు.

మా ఆఫీసు ఫారం కొంత మారింది. రూమ్మేట్ సంతకం గడి తీసేసి విడివిడి సంభాషణ పెట్టాం. 'మీ రోజువారీ జీవితంలో ఇప్పుడు మీకు సాయంగా ఉన్నది ఏమిటి, ఎవరు' అన్న ప్రశ్న చేర్చాం, గది మార్చే ముందు దాన్ని చదువుతాం. ఆన్‌లైన్ లెటర్ తెచ్చినవాళ్ళకి పంపే ఈమెయిల్లో 'సరిపోదు' అన్న మాటకు ముందు, వీసా మీద దీని ప్రభావం ఉండదన్న వాక్యం ఇప్పుడు వస్తుంది.

ఆ అమ్మాయి డిగ్రీ పూర్తిచేసి వేరే రాష్ట్రంలో ఉద్యోగానికి వెళ్ళింది. 2021 జనవరి నుంచి విమానాల్లో ఈఎస్ఏలకు ప్రత్యేక హక్కు లేదు కాబట్టి టికెట్టుతో పాటు పెంపుడు జంతువు ఛార్జీ కట్టాలి. ఆమె స్నేహితురాలి కారులో పిల్లిని వెంటబెట్టుకుని వెళ్ళింది. కొత్త అపార్ట్‌మెంట్ లీజింగ్ ఆఫీసు 'ఈఎస్ఏ రిజిస్ట్రేషన్ నంబర్' అడిగిందని మెసేజ్ పెట్టింది, వెబ్‌సైట్లో డబ్బు కట్టి తీసుకోమంటారా అని. అలాంటి ప్రభుత్వ రిజిస్టరేదీ లేదు, కట్టొద్దు, సైకాలజిస్ట్ లెటర్ పంపితే చాలు, ఫెయిర్ హౌసింగ్ యాక్ట్ ఆ ఇంటికీ వర్తిస్తుంది అని జవాబిచ్చాను. వారం తర్వాత లీజు కాపీ పంపింది. పెట్ ఫీజు వేయలేదు.